కెన్ లియూని రచయితను చేసింది అనువాదమేనా? ముందు తేదీలు చూడండి

వాట్సాప్‌లో తిరుగుతున్న ఒక పోస్టు నాకు ఇప్పటికి ముగ్గురు పంపారు. అందులో ఉన్నది ఇదీ: కెన్ లియూ అనే చైనా-అమెరికన్ లాయరు ‘త్రీ బాడీ ప్రాబ్లమ్’ అనే చైనా సైన్స్ ఫిక్షన్ నవల మూడు భాగాలనూ ఇంగ్లీషులోకి దించాడట. ఆ ఊపులో రాత్రికి రాత్రే రచయిత అయిపోయాడట. తన తల్లి కథనే రాసుకుని అవార్డులు కొట్టేశాడట. తరవాతి నవలలు చైనా చరిత్రకు కాపీలట. చైనాలో పుట్టి అమెరికాలో రాస్తున్నాడన్నది నిజం. లాయరుగా పనిచేశాడన్నదీ నిజమే. మిగతావి ఒక్కొక్కటే చూద్దాం.

మొదట ఆ ‘ఊపు’ సంగతి. ఆయన కథ ‘ద పేపర్ మెనాజెరీ’ పత్రికలో అచ్చయింది 2011లో. దానికి సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకిచ్చే పెద్ద బహుమతులు నెబ్యులా, హ్యూగో, వరల్డ్ ఫాంటసీ మూడూ 2012 ముగిసేలోపే వచ్చేశాయి. ఒకే రచనకు ఈ మూడూ దక్కడం అదే మొదటిసారి. 2013లో ఇంకో కథకు మళ్లీ హ్యూగో. ‘త్రీ బాడీ ప్రాబ్లమ్’ ఇంగ్లీషు పుస్తకం బయటికొచ్చింది 2014 నవంబరులో! అవార్డులు వచ్చేనాటికి ఆ పుస్తకానికి ఆలూ లేదు, చూలూ లేదు. పోస్టు రాసినాయన మాత్రం కొడుకు పేరు సోమలింగం అని పెట్టేశాడు. 2015లో ఆ నవలకు హ్యూగో వచ్చాకే సైన్స్ ఫిక్షన్ చదవనివాళ్లకు కూడా లియూ పేరు తెలిసిందంటే ఒప్పుకుంటాను. అనువాద నవలకు ఆ బహుమతి రావడం అదే తొలిసారి మరి. కానీ మనకు తెలిసిన రోజే ఆయన కలం పట్టాడనుకుంటే ఎలా?

‘రాత్రికి రాత్రే’ అన్నది చదివి నవ్వొచ్చింది. తొలి కథ అచ్చయింది 2002లో. ఆ తరవాత ‘సింగిల్ బిట్ ఎర్రర్’ అని ఒక కథ రాశాడు. ఎవరూ తీసుకోలేదు. కొత్తవి రాయడం మానేసి దాన్నే దిద్దడం, పంపడం, తిరిగిరావడం. ఇక తన రచనలు అచ్చు కావనుకుని వదిలేశాడు కూడా. చివరికి 2009లో ఒక సంకలనం వాళ్లు ఆ కథను తీసుకున్నాకే మళ్లీ జోరందుకున్నాడు. ఈలోపు బతుకుతెరువు వేరే నడుస్తోంది: హార్వర్డ్‌లో ఇంగ్లీషు సాహిత్యం చదివి, మైక్రోసాఫ్ట్‌లో ప్రోగ్రామర్‌గా చేసి, తిరిగి హార్వర్డ్‌లోనే లా చదివి లాయరయ్యాడు. ఇది రాత్రికి రాత్రే అయితే ఆ రాత్రి చాలా పొడుగుది.

ఇక తల్లి కథ. నాకు బాగా చిరాకు తెప్పించింది ఇదే. కథలో అమ్మ చైనా పల్లెటూరి మనిషి. అమెరికన్ ఒకడు కేటలాగులో ఫొటో చూసి తెచ్చుకున్న పెళ్లికూతురు. క్రిస్మస్ బహుమతులకు చుట్టిన కాగితాన్ని దాచి, మడిచి, పులిని చేసి అందులోకి ఊపిరి ఊదుతుంది. పులి లేచి గుర్రుమంటుంది. పిల్లాడు పెద్దవుతూ అమ్మ భాషకు సిగ్గుపడతాడు, ఇంగ్లీషులో మాట్లాడితేనే పలుకుతానంటాడు. ఆమె పోయాక ఆ పులి తనంతట తానే మడతలు విప్పుకుంటే లోపల అమ్మ చేతిరాత. వాడికి చైనీస్ చదవడం రాదు. ఎవరో టూరిస్టును బతిమాలి చదివించుకుంటాడు.

చదివి ఏడ్చినవాళ్లం ‘ఇది ఆయన జీవితమే’ అనుకోవడం సహజం. కానీ లియూ పుట్టింది చైనాలోని లాన్‌జౌలో. అమెరికా వచ్చింది పదకొండేళ్లకి. తల్లి అమెరికాలోనే కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేసిన శాస్త్రవేత్త, తండ్రి కంప్యూటర్ ఇంజనీరు. కేటలాగూ లేదు, ఆ తండ్రీ లేడు. ఆయన కల్పించాడు. కథకుడి పని అదేగా!

కాపీ ఆరోపణ రెండు ముక్కల్లో తేలిపోతుంది. ఆయన నవల ‘ద గ్రేస్ ఆఫ్ కింగ్స్’కి మూలం ప్రాచీన చైనాలోని చూ-హాన్ రాజ్యాల పోరని ఆయనే చెప్పుకున్నాడు. దాన్ని దారా అనే దీవుల్లోకి తీసుకెళ్లి, పట్టూ వెదురూ కలిపిన ఎగిరే ఓడలు పెట్టి, దానికి ‘సిల్క్‌పంక్’ అని పేరూ పెట్టాడు. 2022 దాకా నాలుగు నవలలు నడిపాడు. ఒకే రామకథను మనవాళ్లు ఎంతమంది చెప్పలేదు?

చివరగా, ‘త్రీ బాడీ’ మూడు భాగాల అనువాదమూ ఆయనది కాదు. మొదటిదీ మూడోదీ లియూ చేశాడు, రెండోది జోయెల్ మార్టిన్‌సన్ చేశాడు. పైగా ‘ఇంగ్లీషులోకి దించాడు’ అన్నంత తేలికా కాదది. చైనాలో పుస్తకంగా వచ్చినప్పుడు సాంస్కృతిక విప్లవం (మావో కాలపు అల్లకల్లోలం) అధ్యాయాలు కథ మధ్యలో ఉన్నాయి. వాటిని ముందుకు తెద్దామన్నది లియూనే. తాను మొదట అనుకున్న వరస కూడా అదేనని మూల రచయిత లియూ సిషిన్ ఒప్పుకున్నాడు. అందుకే ఇంగ్లీషులో చదివినవాళ్లకు నవల 1967లో, కూతురి కళ్లెదుటే ఒక ఫిజిక్స్ ప్రొఫెసర్‌ని కొట్టి చంపే సభతో మొదలవుతుంది. చైనీస్ పుస్తకం చదివినవాళ్లు అక్కడికి చేరేసరికి కొంత దారి నడిచి ఉంటారు.

2016లో హావో జింగ్‌ఫాంగ్ అనే రచయిత్రి ‘ఫోల్డింగ్ బీజింగ్’కి హ్యూగో గెలిచింది. దాన్ని ఇంగ్లీషు చేసిందీ లియూనే. పోస్టులో ఆమె పేరూ లేదు, మార్టిన్‌సన్ పేరూ లేదు. పంపిన ముగ్గురికీ ఆ రెండు పేర్లు తిరిగి పంపాను. ఒకాయన బొటనవేలు బొమ్మ పెట్టాడు. మిగతా ఇద్దరివీ ఇంకా నీలం టిక్కులే.