గోంగూరా? జెరేనియమా?

న్యూజెర్సీలో మే నెల, శనివారం పొద్దున. పెరట్లో ఓక్ చెట్టు కింద కోడలు పెంచుకుంటున్న మొక్కని మామగారు కలుపనుకుని పీకేశారు. దుగ్గిరాల దగ్గర ముప్ఫై ఏళ్ళు పసుపు పండించిన మనిషి ఆయన. గోంగూర వెయ్యడానికి చోటు చూస్తున్నారు.

కోడలు: అయ్యో మామయ్యా, అది కలుపు కాదండీ! నర్సరీలో కొని తెచ్చాను.

మామగారు: డబ్బులిచ్చి కొన్నావా? నిన్న వాకింగ్‌కి వెళ్ళిన అడవి దారిలో ఇదే మొక్క గుంపులు గుంపులుగా ఉంది కదమ్మా!

కోడలు: ఇక్కడి అడవి మొక్కేనండీ, జెరేనియం మాక్యులేటమ్. అలాగని పార్కులోంచి తవ్వి తేకూడదుగా.

మామగారు: జిరేనియం నాకు తెలీదా? మనవైపు నూనె కోసం సాగు చేస్తున్నారు, కిలో వేలల్లో పలుకుతుంది. ఆకు నలిపితే గులాబీ వాసన రావాలి. దీనికేదీ? నిన్నెవరో మోసం చేశారు.

కోడలు: మోసం కాదు, పేరుతో వచ్చిన తిప్పలు. మీరు చెప్పేది పెలార్గోనియం, దక్షిణాఫ్రికాది. 1753లో లిన్నేయస్ అనే వృక్షశాస్త్రవేత్త రెండింటినీ ఒకే పేరు కింద పెట్టాడు. 1789లో ఇంకొకాయన విడదీసినా, నర్సరీల్లో పాత పేరే నడుస్తోంది. పువ్వు చూడండి. పెలార్గోనియంలో పై రెండు రేకులు ఒక తీరు, కింది మూడు ఇంకో తీరు. దీనికి అయిదూ ఒకేలా ఉన్నాయి.

మామగారు: ఉంటే? కూరకా, పూజకా?

కోడలు: ఆండ్రినా డిస్టాన్స్ అని ఒక చిన్న తేనెటీగ ఉంది. దాని పిల్లలకి ఈ జెరేనియం పుప్పొడే తిండి. మీ గోంగూర పువ్వు దానికి పనికిరాదు.

మామగారు: మనమే ఎక్కడినుంచో వచ్చినవాళ్ళం, ఈగ సంగతి మనకెందుకు? పైగా ఈ కాయ చూడు, అచ్చం కొంగముక్కు.

కోడలు: పేరే అదండీ! గ్రీకులో గెరానోస్ అంటే కొంగలాంటి పక్షి. కాయ ఎండగానే ఆ ముక్కు అయిదు పట్టీలుగా చీలి, చుట్టుకుంటూ గింజల్ని దూరంగా విసిరేస్తుంది.

మామగారు: కలుపు చేసే పనీ అదే తల్లీ! రెండేళ్ళలో పెరడంతా ఆక్రమిస్తుంది.

కోడలు: ఇది నెమ్మదస్తురాలండీ. అయినా మీరే చెప్పండి, ఈ నీడలో గోంగూర వస్తుందా?

మామగారు: (పైకి కొమ్మల వంక చూసి) రాదులే. మరి ఇది జూలైలో ఎండిపోదా?

కోడలు: నీళ్ళు తగ్గితే ఆకు పండుబారుతుంది. వేరు బతికే ఉంటుంది, వసంతంలో మళ్ళీ చిగురిస్తుంది.

మామగారు: సరే. ఫెన్స్ పక్కన ఉన్నది కూడా ఇదేనా?

కోడలు: అవునండీ, అదీ జెరేనియమే. నెలనుంచీ రోజూ నీళ్ళు పోస్తున్నాను.

మామగారు: దీని ఆకు అరచెయ్యంత ఉంది, అయిదారు పాయలు. దానిది కొత్తిమీరలా సన్నగా చీలింది, కాడ ఎర్రన, పువ్వేమో ఇందులో సగం లేదు. ఇదిగో, నలిపి వాసన చూడు.

కోడలు: ఛీ! టైరు కాలినట్టుంది! హెర్బ్ రాబర్ట్ మామయ్యా. జెరేనియమే గానీ నేను అనుకున్నది కాదు. అది పీకెయ్యండి.

మామగారు: (గెలిచిన నవ్వుతో, చేతిలోని మొక్క తిరగేసి) ఇదేంటి, దీని వేరు పసుపు కొమ్ములా ఉందే! మూడు చోట్ల మొలక కూడా ఉంది. చాకు పట్రా.

కోడలు: పూతలో ఉండగా విడదీయకూడదటండీ. ఆకురాలే కాలంలో గానీ, చిగురు రాకముందు గానీ...

మామగారు: పీకేశాక ముహూర్తమేంటమ్మా! పువ్వులు తుంచి, ఆకు సగం తీసేసి నాటితే బతుకుతుంది. ఆ గోంగూర విత్తనాల ప్యాకెట్ కూడా తే. డ్రైవ్‌వే పక్కన ఎండ బాగానే పడుతోంది.