‘వంటింట్లో డేటా సైన్స్’ సందేశానికి ఒక ఖండన

గత పది రోజుల్లో ఒకే సందేశం నాకు ఏడు సార్లు వచ్చింది. ‘డేటా సైన్స్ అంతా మీ వంటింట్లోనే ఉంది, అయిదు నిమిషాల్లో నేర్చుకోండి’ అన్నది దాని శీర్షిక. పంపినవారిలో నాతో ఇంజనీరింగ్ చదివిన ముగ్గురు మిత్రులున్నారు కనుక నా చిరాకు ఏడింతలు కాదు, ఇంకొంచెం ఎక్కువే. శాస్త్ర విషయాన్ని ఇంటి మాటల్లో చెప్పడం నాకు ఇష్టమైన పనే. అయిదు అంశాల ఈ సందేశంలో ఆ పని జరిగిన చోటు ఒకటుంది, దాని సంగతి చివర చెబుతాను.

ముందుగా తేలికైనవి. వీధిలోని వారి జీతాల సగటు తెలిస్తే వీధి పరిస్థితి మొత్తం తెలిసినట్టేనని రెండో అంశం చెబుతోంది. నెలకు 30 వేలు సంపాదించే తొమ్మిది కుటుంబాల పక్కన నెలకు 50 లక్షలు గడించే ఆసామి ఒకరు ఇల్లు కట్టుకుంటే ఆ వీధి సగటు 5 లక్షలు దాటుతుంది. తక్కిన తొమ్మిది ఇళ్లలో మాత్రం నెలాఖరు ఎప్పటిలాగే వస్తుంది. పదో తరగతి గణితంలో సగటుతో పాటు మధ్యగతం (వరసలో పేరిస్తే సరిగ్గా నడిమికి వచ్చే అంకె) కూడా ఎందుకు చెప్పారో సందేశకర్త ఒకసారి తిరగేస్తే చాలు. ఇక మూడో అంశం: కోడి కూయడం, తెల్లవారడం రోజూ కలిసే జరుగుతాయి కనుక వాటి మధ్య సహసంబంధం ఉందట, కాబట్టి ఒకటి రెండోదానికి కారణమట. తన కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లవారదనుకున్న ముసలమ్మను చూసి మన పెద్దలు నవ్వుకున్నారు; ఈయన ఆవిడను ఏకంగా ఆచార్య పీఠం మీద కూర్చోబెట్టారు.

నాలుగో అంశం నవ్వుకుని వదిలేయదగినది కాదు. ‘ఒక పరీక్ష 99 శాతం కచ్చితమైనదైతే, అందులో పాజిటివ్ వచ్చిన మనిషికి ఆ జబ్బు ఉండే అవకాశం 99 శాతం. ఉప్పు చూసిన నాలుక అబద్ధం చెప్పదు’ అన్నది అందులోని వాక్యం. నాకు ఈ సందేశాన్ని పంపినవారిలో ఒకరు ఏ లక్షణమూ లేకుండానే, తగ్గింపు ధరకు వచ్చిందని సంపూర్ణ ఆరోగ్య పరీక్షల ప్యాకేజీ చేయించుకుని, క్యాన్సర్ సూచికల వరసలో ఒక అంకె ఎర్రగా కనిపించేసరికి రెండు రాత్రులు నిద్రపోకుండా వీలునామా గురించి ఆలోచించిన మనిషి. ఆయనే దీన్ని ‘చాలా బాగుంది’ అన్న వ్యాఖ్యతో పంపారు!

సందేశకర్త వంటింటినే ఆశ్రయిద్దాం. చూపు కొంచెం మందగించిన పెద్దావిడ చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతున్నారనుకోండి. నూరు రాళ్లలో 99 ఆవిడ వేలికి దొరుకుతాయి. నూరు బియ్యపు గింజల్లో ఒకదాన్ని మాత్రం రాయి అని పొరబడతారు. రాళ్లు నిండిన పాతకాలపు బియ్యం పోస్తే ఆవిడ ఏరి పక్కన పెట్టినవాటిలో చాలా భాగం నిజంగా రాళ్లే అవుతాయి. అదే మనిషికి, అదే చూపుకు, రాయి కనిపించడమే అరుదైన సార్టెక్స్ బియ్యం పోసి చూడండి: పక్కన పెట్టిన కుప్పలో ఎక్కువగా ఉండేవి పాపం మంచి గింజలే. మారింది ఆవిడ చూపు కాదు, చేటలో పోసిన బియ్యం.

అంకెల్లో చెప్పాలంటే, వెయ్యిమందిలో ఒకరికి ఉండే జబ్బు కోసం లక్షమందికి పరీక్ష చేశామనుకుందాం. జబ్బున్న 100 మందిలో 99 మంది పట్టుబడతారు. జబ్బులేని 99,900 మందిలో నూటికొకరి చొప్పున 999 మందికి కూడా పాజిటివ్ అనే వస్తుంది. మొత్తం పాజిటివ్‌లు 1,098. అందులో నిజమైనవి 99, అంటే సుమారు 9 శాతం. సందేశం చెప్పిన 99 ఎక్కడ, ఈ 9 ఎక్కడ? అలాగని ఆ కాగితాన్ని చించి పారేయమని నేను అనడం లేదు. వెయ్యిలో ఒకటిగా ఉన్న అనుమానం నూటిలో తొమ్మిదికి పెరగడం చిన్న విషయం కాదు. అందుకే వైద్యులు మరో రకం పరీక్ష రాస్తారు. మొదటి పరీక్ష పొరబడిన కారణంతోనే పొరబడని, అంతే కచ్చితమైన రెండో పరీక్షలోనూ పాజిటివ్ వస్తే ఆ 9 శాతం 90 దాటుతుంది. లక్షణాలతో వచ్చిన రోగి విషయంలో లెక్క మొదలయ్యే చోటే వేరు, ఎందుకంటే ఆయన చేటలో మొదటినుంచీ రాళ్లు ఎక్కువ. పైగా సూచికలు పెరగడానికి క్యాన్సరే కానక్కరలేదు: అండాశయ క్యాన్సర్ కోసం చూసే సీఏ-125, గర్భాశయపు లోపలి పొరలాంటి కణజాలం బయట పెరిగే ఎండోమెట్రియోసిస్‌లోనూ, గర్భంతో ఉన్నప్పుడూ పెరగవచ్చు, ప్రోస్టేట్ క్యాన్సర్ కోసం చూసే పీఎస్ఏ వయసుతో వచ్చే ప్రోస్టేట్ వాపులోనూ పెరుగుతుంది.

ఈ పొరపాటు చేసింది సందేశకర్త ఒక్కరే కాదని కూడా ఒప్పుకోవాలి. 1978లో హార్వర్డ్ అనుబంధ ఆసుపత్రులలోని 60 మంది వైద్యులను, వైద్య విద్యార్థులను ఇలాంటి ప్రశ్నే అడిగితే సరైన జవాబు చెప్పినవారు 11 మంది. కాకపోతే, వారెవరూ తమ జవాబును ‘పది మందికి పంపండి’ అని చాటలేదు.

అయిదో అంశం ‘డేటా ఎంత ఎక్కువైతే నిజానికి అంత దగ్గర’ అంటోంది. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికలకు ముందు లిటరరీ డైజెస్ట్ పత్రిక సుమారు కోటి మందికి నమూనా ఓటు పత్రాలు పంపి, తిరిగి వచ్చిన 20 లక్షలకు పైగా జవాబులను లెక్కపెట్టి, రిపబ్లికన్ అభ్యర్థి లాండన్ గెలుస్తాడని ప్రకటించింది. గెలిచింది రూజ్‌వెల్ట్, అదీ 48 రాష్ట్రాలలో 46 చోట్ల. అంతకంటే ఎన్నో రెట్లు చిన్న నమూనాతో అభిప్రాయ సేకరణలు జరిపే జార్జ్ గాలప్ విజేతను సరిగా చెప్పాడు. పత్రిక వాడిన చిరునామాలలో అధికభాగం టెలిఫోన్, కారు ఉన్నవారివి. ఆర్థిక మాంద్యం రోజుల్లో ఆ రెండూ ఎవరింట్లో ఉంటాయో వేరే చెప్పాలా? దానికి తోడు, జవాబు రాసి పంపే ఓపిక ఉన్నవారికీ లేనివారికీ అభిప్రాయాలలో తేడా ఉంది.

మిగిలింది మొదటి అంశం. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలు, అది ఇంటి గిన్నె అయినా పెళ్లి గుండిగ అయినా సరే అన్నారు. దీన్నే అన్నిటికంటే ముందు చీల్చి చెండాడాలని కూర్చున్నాను. రాయబోతుండగా ఆ ‘అయినా సరే’ దగ్గర ఆగిపోయాను. అది నిజం. పిఠాపురం ఓటర్ల మనసు తెలుసుకోవాలన్నా, దేశం మొత్తం ఓటర్ల మనసు తెలుసుకోవాలన్నా, చీటీలు తీసినట్టు యాదృచ్ఛికంగా ఎంచుకున్న వెయ్యిమందిని అడిగితే వచ్చే పొరపాటు అటూ ఇటూ సుమారు 3 శాతమే. గిన్నె పెద్దదైనంత మాత్రాన ఎక్కువ మెతుకులు పట్టనక్కరలేదు. ఎన్నో ఏళ్లు ఈ పనిలో ఉన్నవారు సైతం తడబడే సంగతిని ఈయన ఒక్క వాక్యంలో చెప్పారు. మెతుకు ఒక్కటే అయితే చాలదని వాదించవచ్చు గానీ, ఆ వాదన ఇక్కడ వద్దు. అయితే అడుగు మాడుతున్నా పైన మెతుకు పలుకుగానే ఉండే గుండిగ దగ్గర, వంటవాడు ముందు తెడ్డు పెట్టి అడుగు నుంచి పైకి తిరగేసి, ఆ తరువాతే మెతుకు పట్టుకుంటాడు. సందేశంలో ఆ తెడ్డు ఎక్కడా లేదు.