వాట్సాప్ ‘ఎగ్జిట్ గ్రూప్’ బటన్ గారికి ఒక బహిరంగ లేఖ

ఎగ్జిట్ గ్రూప్ గారూ,

పర్లాకిమిడి నుంచి నమస్కారాలు. మీరుండేది గ్రూప్ వివరాల పేజీలో అట్టడుగున, ఎర్రక్షరాల్లో. మామూలు రోజుల్లో మిమ్మల్ని పలకరించే నాథుడుండడు. కానీ మొన్న ఏప్రిల్ ఒకటో తారీఖు రాత్రి మా వీధి గుంటలు, వాళ్ళకన్నా ఎక్కువగా వాళ్ళ అమ్మానాన్నలు, మిమ్మల్ని నొక్కిన నొక్కుడుకి మీకు ఒళ్ళు పులిసిపోయే ఉంటుంది. అందుకే పరామర్శగా రాస్తున్నాను.

ఏప్రిల్ ఒకటంటే దేశానికి ఫూల్స్ డే, మాకేమో ఉత్కళ దివస్. 1936లో ఆ రోజునే ఒడిశా రాష్ట్రం ఏర్పడింది, ఇంట్లో తెలుగూ బళ్ళో ఒడియా మాట్లాడే మేం సరిహద్దుకి ఇటుపక్క ఉండిపోయాం. ఆ రోజు ప్రభుత్వ సెలవు. పదో తరగతి పరీక్షలు అయిపోయి, చేతిలో ఫోనుండి, పైగా ఫూల్స్ డే అయితే గుంటలు భగవద్గీత చదువుతారా? ఆంధ్రా వైపు పాతపట్నం వెళ్ళే రోడ్డు మీద చింతచెట్టు కింద దెయ్యం రీల్ తీద్దామనుకున్నారు. ఒకడు తెల్లదుప్పటి కప్పుకున్నాడు, మా మేనల్లుడు ఫోన్ పట్టుకుని తుప్పల్లో కూర్చున్నాడు, ఒకడు బండ్లు వస్తున్నాయేమో చూసి ఈల వేస్తాడు, మిగిలినవాళ్ళ డ్యూటీ నవ్వడం. మొదట వచ్చిన ఇద్దరు ముగ్గురు బూతులు తిట్టి పోయారు. ఆ తర్వాత ఎక్సెల్ బండి వెనకాల గుడ్ల ట్రేలు కట్టుకుని ఒక పెద్దాయన వచ్చాడు. దుప్పటి చూసి బ్రేక్ నొక్కాడు, బండి ఒరిగింది, మనిషి చేతి మీద పడ్డాడు, మణికట్టు ఎముక చిట్లింది. ట్రేకి 30 గుడ్లు చొప్పున ఎన్ని పోయాయో లెక్కపెట్టే ఓపిక ఆ రాత్రి ఎవరికీ లేదు.

అందరూ పరుగో పరుగు. దెయ్యం ఒక్కడే పారిపోలేదు. దుప్పటి విసిరేసి, ఆయన్ని లేపి కూర్చోబెట్టి, ‘తాతా, తాతా’ అంటూ ఆ దుప్పటితోనే ఆయన చెయ్యి కట్టాడట. జనం వచ్చేసరికి వాడి జుట్టు నిండా పచ్చసొన, వేళ్ళ మధ్య గుడ్డు పెంకులు. పరిగెత్తినవాళ్ళు మంచి పిల్లలయిపోయారు, సాయం చేయడానికి ఆగినవాడు దొరికిపోయాడు. వాడి వయసు 16.

ఇక అక్కడి నుంచి గుంటల వాట్సాప్ గ్రూపులో మీ రంగప్రవేశం. ‘అరేయ్ వీడియో డిలీట్ చెయ్యండ్రా’, ‘నా పేరు ఎవడైనా చెప్తే చూడండి’, ‘నేను అసలు రాలేదు కదా, గుర్తుందా’ అని నాలుగు మెసేజ్‌లు పడ్డాయి, ఆ తర్వాత నిశ్శబ్దం, ఆ తర్వాత మీరు. వరసగా. ఒకడు వెళ్ళాడు, వాడు వెళ్ళాడని ఇంకొకడు వెళ్ళాడు, అడ్మిన్ కూడా వెళ్ళిపోయాడు. ఒక తల్లి అయితే కొడుకు చేతిలో ఫోన్ లాక్కుని, కళ్ళజోడు పెట్టుకుని, ‘ఎక్కడుందిరా అది, కింద ఎర్రగా ఉంటుందన్నావు’ అని వెతికి మరీ మిమ్మల్ని నొక్కిందట. తెల్లారి వీధి కుళాయి దగ్గర ఆవిడే చెప్పింది, ‘మావాడు ఆ టైంకి ట్యూషన్‌లో ఉన్నాడు’ అని. ఉత్కళ దివస్ నాడు రాత్రి తొమ్మిదింటికి ట్యూషన్! అంత శ్రద్ధగా చదువు చెప్పే మాస్టారెవరో నాకూ చెబితే బాగుండు.

మీ యజమానులు 2022లో మీకు చేసిన మేలు కూడా నాకు తెలుసు. అంతకుముందు ఎవడు వెళ్ళినా గ్రూప్ అంతటికీ దండోరా పడేది. ఇప్పుడు అడ్మిన్‌కి తప్ప ఎవరికీ తెలియకుండా జారుకోవచ్చు. అయితే పాపం మా గుంటలకి తెలియని సంగతి ఒకటుంది. వెళ్ళిపోయినవాళ్ళ పేర్లు 60 రోజుల పాటు ఆ గ్రూపులోనే ఓ మూల కనిపిస్తాయి. దుప్పటోడు తర్వాత ఫోన్ చేతికొచ్చాక తీరిగ్గా ఆ జాబితా చూసుకున్నాడు. ఎవరెవరు ఎప్పుడు వెళ్ళారో వాడికి ఇప్పుడు ఉత్కళ దివస్ కన్నా బాగా గుర్తు.

తల్లిదండ్రుల్ని కూడా ఊరికే తిట్టను. వాళ్ళ భయం వాళ్ళది. ‘జైల్లో వేస్తారట, కేసు కడితే సర్కారు ఉద్యోగం రాదట, ఆంధ్రావాడు పడ్డాడు కాబట్టి రెండు రాష్ట్రాల పోలీసులూ వస్తారట’ అని వీధంతా టెన్షన్. మనిషి ఆంధ్రా, రోడ్డు ఒడిశా, దుప్పటి పాతపట్నం సంతలో కొన్నది, ఇక చూడండి! కానీ ఈ ‘అట’ల్లో దేనికీ చట్టంలో చోటు లేదు. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం 18 ఏళ్ళ లోపు పిల్లల్ని లాకప్‌లో పెట్టడానికే వీల్లేదు. పిల్లలే చేసిన ఇలాంటి చిన్న కేసుల్లో ఎఫ్ఐఆర్ కట్టకుండా స్టేషన్ డైరీలో రాసుకుని, పిల్లాడి ఇంటి పరిస్థితి మీద ఒక రిపోర్టు జతచేసి, పిల్లల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డుకి పంపమని 2016 నాటి రూల్స్ చెబుతున్నాయి. బోర్డు మందలించి పంపొచ్చు, కౌన్సెలింగ్‌కి పంపొచ్చు, సమాజ సేవ చేయమనొచ్చు. రేపటి ఉద్యోగానికి ఇది అడ్డు రాకుండా కూడా అదే చట్టం చూసుకుంది. లాయరు కావాలంటే పిల్లలకి జిల్లా న్యాయ సేవా సంస్థ నుంచి ఉచితం, ఇంటి ఆదాయం ఎంతని అడగరు. మా ఐఐసీ బాబు, అంటే ఠాణా ఇన్‌స్పెక్టరు, ఇందులో సగం ఆ రాత్రే చెప్పాడు, ఒడియాలో. వినాల్సిన దుప్పటోడి తల్లి తెలుగు తప్ప ఎరగని మనిషి, ఠాణా గుమ్మం దగ్గర కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

అక్కడే మీ పరువు కాస్త పోయింది. ఇద్దరు మిమ్మల్ని నొక్కలేదు. ఒకడు మా మేనల్లుడు, రెండోవాడు ఈల వేయాల్సినవాడు. ఒడియా మీడియంలో చదువుతున్నాడు కాబట్టి ఈలవాడు ఠాణా గుమ్మంలో నిలబడి, బాబు చెప్పిన ప్రతి మాటా ఆ తల్లికి తెలుగులో చెప్పి, ఆవిడ చెప్పింది ఒడియాలో కాగితం మీద పెట్టాడు. అడక్కుండానే ‘నేనూ అక్కడే ఉన్నాను’ అని చివర్న ఒక వాక్యం చేర్చి సంతకం పెట్టాడు. రాత్రి పదకొండుకి మా మేనల్లుడు నా దగ్గరకొచ్చి ‘మావయ్యా, వీడియో తీసేస్తే వాడు బయటపడతాడా’ అని అడిగాడు. తీసేస్తే వాడితో పాటు నువ్వూ ఇరుక్కుంటావు, సాక్ష్యం మాయం చేయడం ఇంకో నేరం అన్నాను. పైగా ఆ వీడియోలోనే వాడు ఆగిపోయి ఆయన్ని లేపడం కూడా ఉంది కదరా. గబగబా చూసుకున్నాడు. చివరి పది పన్నెండు సెకన్లు, ఊగిపోతూ, చీకట్లో, ‘తాతా, తాతా’. తెల్లారి ముగ్గురి ఇళ్ళ పెద్దలం కలిసి వెళ్ళి ఫోన్ ఇచ్చేశాం.

పెద్దాయన ఇంటికి కూడా వెళ్ళారు ముగ్గురూ. ఆయన తిట్టాడు, బాగానే తిట్టాడు, తిట్టాలి కూడా. గుడ్ల డబ్బు, బండి హ్యాండిల్, విరిగిన ఇండికేటర్, ఆసుపత్రి ఖర్చు లెక్కేస్తే ముగ్గురి సైకిళ్ళమ్మినా సరిపోయేలా లేదు. మిగతాది మేం పెద్దలం వేసుకున్నాం. చెయ్యి కట్టు విప్పేదాకా పొద్దున్నే కొట్లకి గుడ్లు దింపే పని కుర్రాళ్ళది. మొదటిరోజే దుప్పటోడు ఒక ట్రే జారవిడిచాడు, ఆయన మళ్ళీ తిట్టాడు. మూడు రోజులు అన్నం ముట్టని పిల్లాడు ఆ తిట్లు తిన్నాకే ఇంటికొచ్చి చద్దన్నం అడిగాడని వాళ్ళమ్మ చెప్పింది. ఆ మూడు రాత్రులూ మావాడు వాడి పక్కనే చాప వేసుకుని పడుకున్నాడు, ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మీతో నాకు చిన్న పని పడింది. మా కాలనీ పెద్దల గ్రూప్ ఒకటుంది. గుడ్ మార్నింగ్ పువ్వులు, కరెంటు కోత కబుర్లు, దేవుడి పటాలు. జుట్టుకి పచ్చసొనతో ఆ పిల్లాడి ఫోటో, పేరూ తండ్రి పేరుతో సహా, ఆ రాత్రే అందులోకి వచ్చింది. ‘ఈ తరం ఇంతే’ అని కింద చప్పట్ల బొమ్మలు. కేసులో ఉన్న పిల్లల పేరూ ఫోటో బయటపెడితే ఆ చట్టం ప్రకారమే ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, రెండూ కూడా పడొచ్చని అదే గ్రూపులో పెట్టాను. దాని కింద ఒకాయన లడ్డూ బొమ్మ పెట్టాడు. పిల్లల గ్రూపులో కొడుకు వేలు పట్టుకుని మిమ్మల్ని నొక్కించిన పెద్దలంతా ఈ గ్రూపులో నిక్షేపంగా కూర్చున్నారు, ఒక్కరి చూపూ ఆ ఎర్రక్షరాల దాకా దిగలేదు.

ఆ ఫోటో ఇంకా అక్కడే ఉంది. అడ్మిన్ గారు మా వెనక వీధే. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి వాళ్ళ అరుగు మీద కూర్చుని ఉంటాను, తీసేదాకా లేవను. ఆయన నన్నే గ్రూపులోంచి తీసేస్తే మాత్రం ఆ పుణ్యం మీ ఖాతాలో వేసుకోకండి.

ఇట్లు,
తుప్పల్లో ఫోన్ పట్టుకున్నవాడి మావయ్య