41 రోజుల్లో జ్ఞానోదయమా?

కోనసీమలో ఏ ఊరి వాట్సాప్ గ్రూపు తెరిచినా ఒకటే మెసేజ్. తెల్లారగట్ల గోదావరి గట్టున రోజూ గంట ధ్యానం చేస్తే 41 రోజుల్లో జ్ఞానోదయం ఖాయమట, పతంజలే చెప్పాడట. కాళ్లు జివ్వుమంటే కుండలిని, అంటే వెన్ను అడుగున నిద్రపోతుందని యోగులు చెప్పే శక్తి, లేచినట్టట. కనుబొమల మధ్య వెలుగు కనిపిస్తే మూడో కన్ను, అదే పీనియల్ గ్రంథి, తెరుచుకున్నట్టట. ఆపైన షుగరు, బీపీ బిళ్లలు మానేయొచ్చట.

గట్టుతో నాకు పేచీ లేదు. గాలి బావుంటుంది, దోమలే ఎక్కువ.

పతంజలి యోగసూత్రాల్లో మాత్రం రోజుల లెక్కే లేదు. వాటి మొదటి భాగం, సమాధిపాదం, 14వ సూత్రం చూడండి: "స తు దీర్ఘకాల నైరంతర్య సత్కారాసేవితో దృఢభూమిః". చాలాకాలం, మధ్యలో వదలకుండా, శ్రద్ధగా చేస్తే అభ్యాసం గట్టిపడుతుందని. 41 మనకి బాగా తెలిసింది అయ్యప్ప దీక్షలో. అది నియమానికి పెట్టుకున్న గడువు. మాల తీసిన మర్నాడు జ్ఞానినయ్యానని ఏ స్వామీ చెప్పుకోగా నేను వినలేదు. బుద్ధుడు 29వ ఏట ఇల్లు విడిస్తే బోధి కలిగింది 35వ ఏట. అంత దూరం ఎందుకు, మన ముమ్మిడివరం బాలయోగి దశాబ్దాలు మౌనంగా కూర్చున్నారు. జనానికి దర్శనం దొరికేది ఏడాదికోసారి, శివరాత్రికే. ఆ దర్శనానికి తాతలు వెళ్లొచ్చిన ఇళ్లల్లోనే ఇప్పుడీ ఆరు వారాల బేరం నడుస్తోందండీ.

కాళ్ల జివ్వు నాకూ అనుభవమే. అరుగు మీద వజ్రాసనం వేసి అరగంటకి లేవబోతే ఎడం పాదం నాది కాదు. తూలి నీళ్ల బిందె తన్నేశాను. నరం నొక్కుకుపోయి వచ్చే తిమ్మిరి అది, కుండలిని కాదు. పతంజలి ఆసనానికి చెప్పిన లక్షణమే "స్థిరసుఖమ్".

కళ్లు బిగించి మూసినా, నలిపినా వెలుగు చుక్కలు కనిపిస్తాయి, పసిపిల్లాడికైనా. పీనియల్ గ్రంథి మెదడు నడిమధ్య బియ్యపు గింజంత ఉంటుంది. చీకటి పడితే మెలటోనిన్ వదిలి నిద్రవేళ సంగతి చూస్తుంది. నడినెత్తిన వెలుగు పసిగట్టే మూడో కన్నులాంటిది నిజంగా ఉన్నది మన కంచెల మీది తొండకి. దానికి జ్ఞానోదయమైన దాఖలా అయితే లేదు.

బిళ్లల మాట దగ్గర నాకు నవ్వు రావడం లేదు. మా పెదనాన్న ఈ మెసేజ్ నమ్మి పన్నెండు రోజులు షుగరు బిళ్ల మానేశారు. దాహమని రాత్రి నాలుగైదుసార్లు లేస్తుంటే, "ఒంట్లో మలినాలు పోతున్నాయిరా" అన్నారు. పరీక్ష చేయిస్తే 340. ధ్యానం వల్ల బీపీ కొంత తగ్గొచ్చు, మనసు కుదుటపడొచ్చు. అప్పుడైనా బిళ్ల తగ్గించాల్సింది డాక్టరే.

"మానెయ్యమని వాళ్లే రాశారు కదరా" అన్నారు పెదనాన్న, మంచం మీంచి.

"ఎవరు రాశారు పెదనాన్నా?"

ఫోను తీసి కింద నుంచి పైదాకా వెతికారు. పేరు లేదు.