ఐరిష్ అధ్యయన సదస్సుల్లో ఎవరి మాట ఎవరు వింటున్నారు?

ఐర్లాండ్ చరిత్రను, సాహిత్యాన్ని, భాషను విడివిడిగా చదివితే సగమే అర్థమవుతుందన్న గ్రహింపు నుంచే ఐరిష్ అధ్యయన సంఘాలు పుట్టాయి. అమెరికాలో 1960లో అలాంటి సంఘం ఒకటి ఏర్పడింది. ఐరిష్ సాహిత్యం కోసం 1970లో వెలసిన అంతర్జాతీయ సంఘం తన వార్షిక సదస్సును ఒక్కో ఏడాది ఒక్కో దేశంలో జరుపుతోంది. కెనడా, బ్రిటన్, ఫ్రాన్స్, జపాన్, బ్రెజిల్‌లలోనూ ఇలాంటి సంఘాలున్నాయి. అయితే ఒక గదిలో కవిత్వం మీద, పక్క గదిలో కౌలు చట్టాల మీద పత్రాలు చదివి ఎవరి దారిన వారు వెళ్లిపోతే దాన్ని కలిసి పనిచేయడం అనలేం. ఒక శాస్త్రంవారు తేల్చిన విషయం మరో శాస్త్రంవారి చేత తమ అభిప్రాయాన్ని సవరింపజేసిందా లేదా అన్నదే ఈ సదస్సులకు నేను పెట్టే పరీక్ష.

బంగాళదుంప పంటను తెగులు నాశనం చేయడంతో ఐర్లాండ్‌లో వచ్చిన 1845-52 నాటి మహాక్షామాన్నే తీసుకుందాం. సుమారు పది లక్షల మంది చనిపోయారు, దాదాపు అంతే మంది దేశం విడిచిపోయారు. ఆనాడు తెగులు సోకిన బంగాళదుంప ఆకులను ఎండబెట్టి భద్రపరచిన నమూనాలు లండన్‌లోని క్యూ గార్డెన్స్‌లోనూ, మ్యూనిక్‌లోనూ ఉన్నాయి. శాస్త్రవేత్తలు వాటి నుంచి డీఎన్‌ఏ తీసి, తెగులుకు కారణమైన రకం అంతవరకు అనుకుంటూ వచ్చినది కాదని 2013లో తేల్చి, దానికి హెర్బ్-1 అని పేరు పెట్టారు. కానీ అదే తెగులు యూరప్‌లోని ఇతర దేశాల పొలాలనూ నాశనం చేసినప్పుడు, ఐర్లాండ్‌లోనే అంత మంది ఎందుకు చనిపోయారో ఆ ఆకు చెప్పలేదు. పేదలు ఒకే పంట మీద బతకడం గురించి, భూస్వాముల గురించి, లండన్ ప్రభుత్వ సహాయ విధానం గురించి చరిత్రకారులే చెప్పాలి. బతికి బయటపడినవారి కుటుంబాల్లో మిగిలిన జ్ఞాపకం కావాలంటే జానపద పరిశోధకుల దగ్గరికి వెళ్లాలి. 1937-39 మధ్య ఐరిష్ జానపద కమిషన్ సుమారు ఐదు వేల పాఠశాలల పిల్లల చేత ఊరి పెద్దలు చెప్పిన సంగతులు రాయించింది. ఆ సేకరణ ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఎవరైనా చదువుకోవచ్చు.

ఈ రంగం తనను తాను దిద్దుకున్న సందర్భం కూడా ఉంది. ఉత్తర ఐర్లాండ్‌లోని డెరీ నగరంలో మొదలైన ఫీల్డ్ డే సంస్థ 1991లో మూడు సంపుటాల ఐరిష్ రచనా సంకలనాన్ని వెలువరించినప్పుడు, అందులో స్త్రీల రచనలు అతి తక్కువగా ఉన్నాయని స్త్రీవాద పండితులు గట్టిగా నిలదీశారు. దాని ఫలితంగా పూర్తిగా స్త్రీల రచనలకు, సంప్రదాయాలకు కేటాయించిన మరో రెండు సంపుటాలు 2002లో వచ్చాయి. ఆ పదకొండేళ్ల జాప్యం సమర్థించదగినది కాదు. అయినా విమర్శించినవారిని పక్కన పెట్టకుండా పనిలో భాగస్థులను చేయడం, ఎన్ని సదస్సులు జరిపామన్న లెక్క కంటే ఎంతో విలువైనదని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఐరిష్ భాష విషయంలో మాత్రం ఇంత దిద్దుబాటు కనబడదు. క్షామం ఎక్కువగా బలిగొన్నది ఐరిష్ మాట్లాడే పేదలనే అయినా, విదేశీ సదస్సుల్లో చర్చంతా దాదాపు ఇంగ్లిష్‌లోనే సాగుతోంది.

ఈ రంగంలో తెలుగువారికీ పని ఉంది. ఐరిష్ కవి జేమ్స్ కజిన్స్ మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో పనిచేస్తున్న రోజుల్లోనే, 1919లో, రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడికి వచ్చి జనగణమనను ఇంగ్లిష్‌లోకి అనువదించారు. ఆ పాట బాణీకి స్వరాలు రాసినది కజిన్స్ భార్య, ఐర్లాండ్‌లో స్త్రీల ఓటు హక్కు కోసం పోరాడిన మార్గరెట్. తెలుగు కుటుంబంలో పుట్టి తర్వాత రాష్ట్రపతి అయిన వి.వి.గిరి 1913 నుంచి డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివి, బ్రిటిష్ పాలన మీద ఈస్టర్ తిరుగుబాటు జరిగిన 1916లోనే ఆ దేశం విడిచి రావలసి వచ్చింది. సంగీతం, న్యాయం, స్త్రీల ఉద్యమం, దివ్యజ్ఞాన సమాజ చరిత్ర కలిస్తే తప్ప ఈ కథ పూర్తి కాదు. ఐరిష్ స్వాతంత్ర్య ఉద్యమం ఆనాటి తెలుగు పత్రికల్లో ఎలా కనిపించిందో చదివి చెప్పగలిగేది తెలుగు వచ్చిన పరిశోధకులే. మన విశ్వవిద్యాలయాల చరిత్ర, సాహిత్య విభాగాలు ఈ విషయం మీద ఐరిష్ సంఘాలతో కలిసి ఒక సమావేశం జరపదలిస్తే, దానికి మదనపల్లె కంటే తగిన చోటు లేదు.