దయ్యాన్ని కాల్చి నవ్వితే జాలి చచ్చినట్టేనా?

ఈ మధ్య నల్లగొండ, పాలమూరు వాట్సాప్ గ్రూపుల్లో ఒక పొడుగాటి మెసేజ్ తిరుగుతోంది. దాని సారం ఇది. తలకాయలు ఎగిరిపోతుంటే జోకులు పేల్చే దయ్యాల వీడియో ఆటలు వచ్చాయట. పిల్లలు వాటికి అతుక్కుపోయేది నెత్తురు కోసమేనట. చావును చూసి నవ్వడం అలవాటైనవాడికి జాలి ఉండదట. పుర్రెలు, కొమ్ములు మన సంస్కృతి కాదట. ఆడినవాడు రేపు బయట కూడా అదే చేస్తాడట, పైగా డబ్బులు గుల్లట. సాక్ష్యంగా ‘షాడోస్ ఆఫ్ ద డామ్‌డ్’ అనే ఆట బొమ్మ పెట్టారు. చివర మామూలే, పది మందికి పంపమని.

పంపినవాళ్లలో మా చిన్నాయన కూడా ఉన్నారు. ఆయన ఆ ఆట చూడలేదు, నేను ఆడాను. ఆయనకు రాసిన జవాబునే కాస్త పెంచి రాస్తున్నా.

ముందు ఆ నెత్తురు సంగతి. నెత్తురే కావాలంటే ఈ ఆట దాకా రావక్కర్లేదు, అంతకన్నా ఎక్కువ పారించే ఆటలు బోలెడున్నాయి. 2011 జూన్‌లో వచ్చిన ఈ ఆటను జపాన్‌లోని గ్రాస్‌హాపర్ మాన్యుఫాక్చర్ తయారు చేసింది, అమెరికాలోని ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అమ్మింది. కథ రెండు ముక్కల్లో అయిపోతుంది. గార్సియా హాట్‌స్పర్ అనే మెక్సికన్ దయ్యాల వేటగాడి ప్రియురాలు పౌలాను రాక్షసుల రాజు ఫ్లెమింగ్ నరకానికి ఎత్తుకుపోతాడు, గార్సియా వెంటపడతాడు. తోడు ఒక పుర్రె. పేరు జాన్సన్, ఒకప్పుడు తనూ రాక్షసుడే. అవసరాన్ని బట్టి కాగడా అవుతాడు, తుపాకీ అవుతాడు, మోటార్ సైకిల్ కూడా అవుతాడు. ఏదైనా నోరు మాత్రం మూయడు.

ఆడేవాణ్ణి పట్టి ఉంచేది ఇందులోని చీకటి. కొన్ని చోట్ల నల్లటి చీకటి ఒక్కసారిగా కమ్ముకుంటుంది. అందులో కొద్దిసేపు ఉన్నామంటే ప్రాణం తగ్గడం మొదలవుతుంది. రాక్షసులకు ఆ చీకటి పూత పూసినట్టు అంటుకుంటే తూటాలు పనిచేయవు. ముందు వెలుగు గుండుతో ఆ పూత రాలగొట్టాలి, తర్వాతే మామూలు గుండు. గోడ మీద ఎక్కడో ఒక మేక తలకాయ ఉంటుంది, దాన్ని వెలుగుతో కొడితే ఆ చోటంతా తెల్లవారుతుంది. అందుకని ఆడేవాడి కళ్లు ముందు వెతికేది రాక్షసుణ్ణి కాదు, మేక తలను. ఇంతవరకే అయితే పెద్ద విశేషం లేదు. కొన్ని రాక్షసుల ఆయువుపట్టు చీకటిలోనే ఎర్రగా కనబడుతుంది, వెలుతురులో కనబడదు. అంటే ప్రాణం కారిపోతోందని తెలిసీ కావాలని చీకట్లోకి దిగాలి, గురి చూసి కొట్టాలి, లోపల ఊపిరి ఆగకముందే బయటపడాలి. అక్కడ వచ్చే టెన్షన్‌కు నెత్తురు రంగుతో సంబంధం లేదు. నెత్తురును నీలం రంగులోకి మార్చినా చేతులు అట్లాగే చెమట పడతాయి.

కెమెరా కూడా ఇందులో సగం పని చేస్తుంది. వీరుడి భుజం వెనక నిలబడి చూస్తున్నట్టు ఉంటుంది తెర. వాడి వీపు మనకు ఎప్పుడూ కనబడుతుంది, ఆ వీపు వెనక ఏముందో కనబడదు. ఈ పద్ధతిని 2005లో ‘రెసిడెంట్ ఈవిల్ 4’ అనే భయపెట్టే ఆటతో ప్రపంచమంతా పాకించిన షింజి మికామి ఈ ఆటకు క్రియేటివ్ ప్రొడ్యూసర్. సంగీతం ‘సైలెంట్ హిల్’ అనే ఇంకో భయం ఆటకు చేసిన అకిరా యమవోకాది. భయపెట్టడం చేతిపనిగా నేర్చుకున్న మనుషులు వాళ్లు. మెసేజ్ రాసినాయన ఒక్క ఫోటో చూసి ఇదంతా కసాయి కొట్టులా ఉందని తేల్చేశారు.

రెండో మాట, చావును చూసి నవ్వితే జాలి పోతుందని. దీని దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే మెసేజ్‌లో మా చిన్నాయనను నిజంగా కదిలించింది ఇదే.

ఈ కథ వెనక ఉన్న గోయిచి సుదా, సుదా 51గా పేరుపడ్డ మనిషి, ఆటల రంగంలోకి రాకముందు అంత్యక్రియలు చేయించే సంస్థలో పనిచేశాడు. అంటే శవాల దగ్గర కూలి సంపాదించిన మనిషి రాసిన నవ్వు ఇది. చావంటే తెలియని కుర్రతనపు వెకిలితనం అనుకోవడానికి వీల్లేదు. ఆట మధ్యలో అక్కడక్కడా బొమ్మల కథల పుస్తకాలు దొరుకుతాయి. తర్వాత ఎదురుపడబోయే పెద్ద రాక్షసుడు ఎవరు, వాడికి ఆ గతి ఎట్లా పట్టింది అన్నది గార్సియా, జాన్సన్ కలిసి పైకి చదువుతారు. నడుమ ఒకరినొకరు ఎగతాళి చేసుకుంటారు. కథ మాత్రం ఎగతాళి కాదు. చదవడం అయ్యాక ఆ రాక్షసుడి మీద తుపాకీ ఎత్తుతుంటే వాడి గతం తెలిసి ఉంటుంది మనకు. జాలిని చంపాలనుకున్న ఆటకు ఈ పుస్తకాలతో పనేముంది?

ఇక మన ఊళ్ల సంగతి. మన దగ్గర చావుకు డప్పు కొడతారు. ముసలి ప్రాణం నిండుగా పోతే పాడె ముందు చిందులేస్తారు. పిట్టకు పెట్టే రోజు చచ్చిపోయినాయనకు ఇష్టమైన కూర, కల్లు పెట్టి కాకి కోసం ఎదురుచూస్తాం. కాకి రాకపోతే ఆయన ఎవరి మీద అలిగాడో అని మొదలై, బతికున్నప్పటి ఆయన పిసినారితనం, తాగుడు, తిట్లు అన్నీ బయటికొస్తాయి. అప్పటిదాకా ఏడ్చిన ఆడవాళ్లే కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతారు. మా నాయనమ్మ పోయినప్పుడు అందరికన్నా ఎక్కువ నవ్వించింది చిన్నాయనే. ఆయనకు జాలి లేదని ఎవరైనా అన్నారా? మొహర్రం శోకదినమే, కానీ పీర్ల పండక్కి అలావ చుట్టూ ఊరంతా చేరి ఎగిరే ఎగురుళ్లు చూసినవాళ్లు, భయభక్తులూ సరదా ఒక చోట ఉండవని అనలేరు. భయం పక్కన నవ్వు లేకపోతే మనిషి అక్కడ ఎక్కువసేపు నిలబడలేడు. ఆట తయారుచేసినవాళ్లకూ ఇది తెలుసు. ఆటలో తలుపు తెరవాలంటే దానికి తగిలించిన పసిపిల్ల ముఖానికి స్ట్రాబెర్రీయో, మెదడో, కనుగుడ్డో తినిపించాలి. అసహ్యంగా ఉందా? ఉంది. మొదటిసారి ఒళ్లు జలదరించి, నాలుగోసారికి ఈ గొంతు దేనికి ఏడుస్తుందో అని జేబులు వెతుక్కుంటాం. ఆట ఎక్కడిదాకా వచ్చిందో భద్రం చేసే చోట ఒక ఎగిరే రాక్షసుడు రెట్ట వేస్తాడు. అది చూడగానే గుండె కుదుటపడుతుంది. రెట్టను చూసి ఇంత సంతోషపడటం నా జీవితంలో ఇదొక్కటే.

మూడోది, పుర్రెలూ కొమ్ములూ మనవి కావట. రాసినాయన అలంపురం వెళ్లి ఉండరు. గద్వాల జిల్లాలో, తుంగభద్ర ఒడ్డున ఉన్న జోగులాంబ అమ్మవారి జటల్లో కపాలం, బల్లి, తేలు, గబ్బిలం ఉంటాయని ఆ గుడికి వెళ్లే పిల్లలకు కూడా తెలుసు. అష్టాదశ శక్తిపీఠాల్లో ఒకటి అది. ఆటలోని రాక్షసులకూ అమ్మవారికీ పోలిక పెట్టడం లేదు, అపచారం. భయంకర రూపం చూడగానే పరాయిదని అనడం ఈ నేలకు నప్పదని మాత్రమే అంటున్నా. ఆట పరాయిదే, అందులో అనుమానం లేదు. ఆ మాటకొస్తే మెసేజ్ వచ్చిన వాట్సాప్ కూడా.

నాలుగోది బరువైన ఆరోపణ, ఆడినవాడు బయట అదే చేస్తాడని. దీని మీద ఏళ్ల తరబడి పరిశోధన జరిగింది. 2019లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు బ్రిటన్‌లో 14, 15 ఏళ్ల వాళ్లు వెయ్యి మందిని, వాళ్ల తల్లిదండ్రులను కూడా అడిగి చూశారు. హింస ఉన్న ఆటలు ఆడటానికీ ఆ పిల్లల దూకుడుకూ సంబంధం కనబడలేదు. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2020లో చెప్పింది ఇంకొంచెం జాగ్రత్త మాట. అరవడం, నెట్టుకోవడం లాంటి దూకుడుతో చిన్నపాటి సంబంధం ఉంది, నిజమైన హింసకు ఆటలే కారణం అనడానికి తగిన ఆధారం లేదు అని. ఆ చిన్నపాటి సంబంధాన్ని నేను దాచను. ఓడిపోయినప్పుడు కంట్రోలర్ విసిరికొట్టేవాళ్లను చూశాను. అక్కడి నుంచి మనిషిని చంపడం దాకా మెసేజ్ ఒకే గెంతు వేసింది.

మన జిల్లాల్లో దయ్యాల పేరుతో నిజంగా నెత్తురు కారిన సందర్భాలు మనకు తెలియనివి కావు. బాణామతి చేసిందని, చేతబడి చేశాడని అనుమానించి మనుషులను కొట్టారు, పళ్లు ఊడబీకారు, చంపారు. కొట్టినవాళ్లు గేమర్లు కారు. వాళ్లు దయ్యాన్ని నిజమని నమ్మినవాళ్లు. నరకంలో సారా తాగి ప్రాణం నింపుకునే గార్సియాను చూసి ఆటగాడు ఏదీ నమ్మడు, నమ్మడని తెలిసే ఆ నవ్వు పెట్టారు.

డబ్బు గుల్ల అన్నది ఇక్కడ పొరపాటు చిరునామా. ఈ ఆట ఒకసారి కొంటే మీదే, ఎనిమిది పది గంటల్లో ముగుస్తుంది, తర్వాత పైసా అడగదు. ఇళ్లు గుల్ల చేసింది ఫోన్లోని రమ్మీ, బెట్టింగ్ యాప్‌లు. అందుకే తెలంగాణ ప్రభుత్వం 2017లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ రమ్మీని ఆపింది, 2025లో కేంద్రం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. ఆ యాప్‌లలో నెత్తురు చుక్క ఉండదు. అన్నీ మిలమిల మెరిసే రంగులే.

మెసేజ్ రాసినాయన నిజంగా తప్పు పట్టాల్సింది ఇంకొకటి ఉంది, దాని జోలికే పోలేదు. ఆటలో పౌలాకు మనిషిగా చోటు లేదు. మాటిమాటికీ ఆమెను గార్సియా కళ్లముందు చంపుతారు, మళ్లీ లేపుతారు, అరకొర బట్టల్లో పరుగెత్తిస్తారు. తుపాకీ పేర్ల దగ్గర నుంచి అంతా బూతు జోకులే. మొదట్లో నవ్వొస్తుంది, సగం దాటాక విసుగొస్తుంది. ఒక జోకు పేలిందని దాన్నే ఇరవైసార్లు చెప్పే పెళ్లి వీడియోగ్రాఫర్‌లా తయారవుతుంది ఆట. విడుదలైనప్పుడు సరిగ్గా అమ్ముడుపోలేదు కూడా. అయినా ఇష్టపడ్డవాళ్లు మరచిపోలేదు, 2024 అక్టోబర్ 31న కొత్త మెరుగులతో మళ్లీ వచ్చింది.

ఇది పిల్లల ఆట కాదన్నది మెసేజ్ కన్నా ముందు ఆట డబ్బా మీదే ఉంది. అమెరికాలో 17 నిండినవాళ్లకు, ఐరోపాలో 18 నిండినవాళ్లకు. ఎనిమిదో తరగతి చదివే మా అక్క కొడుకు అడిగితే నేనూ ఇవ్వలేదు. చిన్నాయన ఫార్వర్డ్ చేసింది చూసి ఆట పేరు తెలుసుకున్నాడట వాడు.