మంజూరైన అప్పు వేరు, చేతికొచ్చిన డబ్బు వేరు

ఏదో ఒక అంతర్జాతీయ అభివృద్ధి బ్యాంకులో కొత్త దేశం చేరిందంటే చాలు, టైమ్‌లైన్ రెండుగా చీలిపోతుంది. ఒకరికి అది డాలర్ పెత్తనానికి చరమగీతం, ఇంకొకరికి చైనా పన్నిన వల. రెండు వర్గాలూ ఎంత ఆవేశంగా రాస్తాయో, ఆ బ్యాంకు షేర్ల పట్టిక తెరిచి చూడటానికి అంత బద్ధకిస్తాయి. ‘ఫలానా ప్రాజెక్టుకు ఇన్ని కోట్ల డాలర్ల రుణం మంజూరు’ అనే వార్తకైతే అసలు చర్చే ఉండదు, డబ్బు వచ్చి పడిపోయినట్టే లెక్క. నా గోలంతా ఈ రెండు లెక్కల మీదే.

ముందు సభ్యత్వం సంగతి. ఆసియా మౌలిక సదుపాయాల పెట్టుబడి బ్యాంకునే (ఏఐఐబీ) తీసుకోండి. 2016 జనవరిలో 57 వ్యవస్థాపక దేశాలతో మొదలైంది, ఇప్పుడు ఆమోదం పొందిన దేశాలు వంద దాటాయి. అధీకృత మూలధనం 10 వేల కోట్ల డాలర్లు. వినడానికి ఘనంగా ఉంటుంది గానీ, అందులో సభ్యులు నిజంగా కట్టాల్సింది 20 శాతమే. మిగతా 80 శాతం ‘కాలబుల్ క్యాపిటల్’, అంటే బ్యాంకు మునిగిపోయే పరిస్థితి వస్తే కడతామని ఇచ్చిన మాట. ఆ మాట బాండ్లు కొన్నవాళ్ల బాకీ తీర్చడానికే పనికొస్తుంది, దాన్ని అప్పుగా ఇవ్వడం కుదరదు. పెద్ద అభివృద్ధి బ్యాంకుల్లో ఏ ఒక్కటీ ఇంతవరకూ ఆ డబ్బు అడిగిన దాఖలా లేదు.

ఇందులో ఒక్కో షేరు లక్ష డాలర్లు. బ్రెజిల్‌కు మొదట్లో 300 కోట్ల డాలర్ల పైచిలుకు వాటా రాసిపెట్టారు. ఆ దేశం చివరికి తీసుకున్నది 50 షేర్లు. అంటే మొత్తం 50 లక్షల డాలర్లు, అందులో నిజంగా కట్టేది 10 లక్షలు. సాధారణంగా అదీ ఐదు వాయిదాల్లో. పేద దేశాలైతే పది వాయిదాల దాకా సాగదీసుకోవచ్చు. పత్రికా ప్రకటనలో మాత్రం పెద్ద షేరుదారుడూ ఒక సభ్యుడే, 50 షేర్లవాడూ ఒక సభ్యుడే. అప్పులిచ్చే సత్తా తల లెక్కతో పెరగదు.

మరి దేనితో పెరుగుతుంది? ప్రపంచ బ్యాంకు తన అప్పులకు కనీసం ఎంత సొంత మూలధనం ఉండాలనే నిష్పత్తిని 20 శాతం నుంచి 2023లో 19కి, 2024 అక్టోబరులో 18కి తగ్గించింది. ఆ రెండో తగ్గింపు ఒక్కదానితోనే పదేళ్లలో అదనంగా 3 వేల కోట్ల డాలర్లు అప్పివ్వొచ్చని అంచనా. పది లక్షలు కట్టే సభ్యులు ఎంతమంది చేరితే అంతకు తూగుతారో మీరే లెక్కేసుకోండి. కొత్త సభ్యుడు చేరితే వంద పోస్టులు, ఈ ఒక్క శాతం గురించి ఒక్కటీ లేదు.

ఓట్ల లెక్క ఇంకా ఆసక్తికరం. ఏఐఐబీలో కీలక నిర్ణయాలకు గవర్నర్లలో (అంటే సభ్య దేశాల ప్రతినిధుల్లో) మూడింట రెండొంతుల మందితోపాటు 75 శాతం ఓట్లు కావాలి. చైనా చేతిలో దాదాపు 26 శాతం. సభ్యులు వందయినా రెండొందలైనా, ఆ అంకె 25 కిందికి దిగనంతవరకూ చైనా కాదంటే కాదు. ప్రపంచ బ్యాంకు నిబంధనావళి మార్చాలంటే 85 శాతం ఓట్లు కావాలి, అమెరికా వాటా 16 శాతానికి అటూ ఇటూ. అక్కడా అదే కథ. బ్రిక్స్ దేశాల న్యూ డెవలప్‌మెంట్ బ్యాంకులో ఎవరికీ వీటో లేదని గొప్పగా చెబుతారు, నిజమే. కాకపోతే ఐదుగురు వ్యవస్థాపకుల ఓట్లు కలిపి 55 శాతానికి తగ్గకూడదని, కొత్తగా వచ్చిన ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించకూడదని, అప్పు తీసుకోని సభ్యులందరికీ కలిపి 20 శాతం దాటకూడదని ఒప్పందంలోనే రాసుకున్నారు. తలుపు తెరిచారు, పెత్తనం మాత్రం లోపలి గదిలో పెట్టి తాళం వేశారు.

చేరడం కూడా దరఖాస్తు పడేసినంత తేలిక కాదు. ప్రపంచ బ్యాంకులో చేరాలంటే ముందు ఐఎంఎఫ్ సభ్యత్వం ఉండాలి. ఏఐఐబీలో చేరాలంటే ప్రపంచ బ్యాంకులోనో ఆసియా అభివృద్ధి బ్యాంకులోనో (ఏడీబీ) సభ్యుడై ఉండాలి. ఆ తర్వాత షేర్లెన్ని, గడువెంత అని గవర్నర్ల బోర్డు తీర్మానం చేస్తుంది. ఆమోదం వచ్చిందని వార్త పడేది ఇక్కడే. ఆ తర్వాత దేశంలో చట్టపరమైన ఆమోదం తెచ్చుకోవాలి, ధ్రువీకరణ పత్రం దాఖలు చేయాలి, మొదటి వాయిదా కట్టాలి. ఇవన్నీ అయ్యేదాకా ఆ దేశం ‘కాబోయే సభ్యురాలు’ మాత్రమే. ప్రభుత్వాలు మారి ఏళ్ల తరబడి అక్కడే ఆగిపోయినవి ఉన్నాయి.

అలాగని విస్తరణంతా దండగ అనను. ఆఫ్రికా అభివృద్ధి బ్యాంకు మొదట ఆఫ్రికా దేశాలకే పరిమితం. వాళ్ల మూలధనంతో మార్కెట్‌లో చౌకగా అప్పు పుట్టక 1982లో బయటి దేశాలకు తలుపు తెరిచింది, ఇప్పుడు ఓట్లు ఆఫ్రికా దేశాలకు సుమారు 60 శాతం, బయటివాళ్లకు 40 శాతంగా పంచుకున్నారు. ఆ విస్తరణకు అర్థముంది, ఎందుకంటే వచ్చినవాళ్లు మంచి రేటింగ్‌తో, డబ్బుతో వచ్చారు. ఇంకో లాభం, అప్పులన్నీ నలుగురైదుగురు రుణగ్రహీతల దగ్గరే పోగుపడితే రేటింగ్ సంస్థలు మార్కులు కోస్తాయి, కొత్త దేశాలకూ అప్పులిస్తే ఆ బరువు పంచుకుపోతుంది. సభ్యుల కూర్పు దెబ్బ కూడా కొట్టగలదు. 2022 మార్చిలో న్యూ డెవలప్‌మెంట్ బ్యాంకు తన సొంత వ్యవస్థాపక సభ్యురాలైన రష్యాలో కొత్త లావాదేవీలు ఆపేసింది. డాలర్ బాండ్లమ్మి బతికే బ్యాంకు ఆ బాండ్లు కొనేవాళ్ల మొహం చూడక తప్పదు.

ఇప్పుడు అసలు గొడవ, మంజూరు. బోర్డు రుణం ఆమోదించిన రోజున ఒక్క డాలరూ కదలదు. ఆమోదం తర్వాత సంతకాలు, ఆ తర్వాత షరతులన్నీ తీర్చి ఒప్పందం అమల్లోకి రావడం, ఆ తర్వాతే విడుదల. విడుదల కూడా పని జరిగినకొద్దీ. భూసేకరణ సొమ్ము చాలా ప్రాజెక్టుల్లో ప్రభుత్వ వాటాలోనే వేస్తారు. బడ్జెట్‌లో ఆ వాటా రాకపోతే బ్యాంకు డబ్బు సిద్ధంగా ఉన్నా భూమి చేతికి రాదు, భూమి రానిదే కాంట్రాక్టరుకు సైటు అప్పగించలేరు. ముక్కలు ముక్కలుగా అప్పగిస్తే ఖాళీగా ఉన్న యంత్రాలకు పరిహారం ఇమ్మని కాంట్రాక్టరు క్లెయిములు మొదలవుతాయి. రోడ్డు కింద ఎవరి పైపులున్నాయో, ఎవరి కేబుళ్లున్నాయో డీపీఆర్‌లో (ప్రాజెక్టు సమగ్ర నివేదికలో) సరిగ్గా రాయకపోతే వాటిని తరలించడానికే ఒక సీజను పోతుంది.

ఈలోపు తీసుకోని అప్పుకీ చార్జీ పడుతుంది. ఏడీబీ సాధారణ రుణాలకు కమిట్‌మెంట్ చార్జీ 0.15 శాతం. 20 కోట్ల డాలర్లు తీసుకోకుండా ఏడాది పడుంటే 3 లక్షల డాలర్లు కట్టాలి. పెద్ద మొత్తం కాదనొచ్చు, కానీ పని జరగనందుకు కట్టే మొత్తం అది.

ఒక బిల్లు వెంట నడిచి చూడండి. కాంట్రాక్టరు నెల పనికి లెక్క ఇస్తాడు. నిర్మాణ పనులకు అంతర్జాతీయంగా వాడే ఒప్పంద నమూనా, ఫిడిక్ 1999 రెడ్ బుక్ ప్రకారం ఇంజినీరు 28 రోజుల్లో కొలతలు సరిచూసి సర్టిఫికెట్ ఇవ్వాలి, లెక్క అందినప్పటి నుంచి 56 రోజుల్లో యజమాని డబ్బు కట్టాలి. ఆ డబ్బు ప్రత్యేక ఖాతాలోంచి వెళ్తుంది. ఖాతాలో మొదట బ్యాంకు కొంత అడ్వాన్సు వేస్తుంది, ఖర్చయిన దానికి రుజువులు పంపితేనే మళ్లీ నింపుతుంది. చిక్కుముడి పడేది సరిగ్గా ఇక్కడ. ప్రాజెక్టు యూనిట్‌లో అకౌంట్స్ మనిషి బదిలీ అయి కుర్చీ ఖాళీగా ఉంటే రుజువులు వెళ్లవు, ఖాతా నిండదు, బిల్లు ఆగుతుంది, వడ్డీ క్లెయిము పడుతుంది. ముందస్తు పరిశీలన అవసరమైన కాంట్రాక్టును బ్యాంకు ‘నో అబ్జెక్షన్’ రాకముందే కట్టబెడితే ఇంకా ఘోరం, ఆ ఖర్చు అనర్హం అంటారు, అప్పటికే తీసుకున్నది ఉంటే తిరిగి కట్టమంటారు. కోట్ల డాలర్ల ప్రాజెక్టు ఒక ఖాళీ కుర్చీ దగ్గర ఆగిపోతుందంటే జనం నమ్మరు.

‘ఈ బ్యాంకుల పర్యావరణ షరతులవల్లే ఆలస్యం’ అనేది ఇంకో పాత పాట. ఏడీబీ 2009 విధానంలో తీవ్ర ప్రభావమున్న ప్రాజెక్టుల పర్యావరణ నివేదికను బోర్డు పరిశీలనకు 120 రోజుల ముందే బయట పెట్టాల్సి ఉండేది. ఆ నాలుగు నెలలు ముందే తెలిసినవి, వాటిని ప్రణాళికలో కలుపుకోవడానికి ఏం అడ్డు? పైగా ఈ నిబంధనలు ఊరికే పుట్టలేదు. సర్దార్ సరోవర్ ఆనకట్ట ముంపు, పునరావాసం మీద వివాదం ముదిరి 1993 మార్చిలో భారత్ ప్రపంచ బ్యాంకు ఇవ్వాల్సిన మిగిలిన రుణం వద్దనుకుంది. ప్రాజెక్టు బాధితుల ఫిర్యాదులు విచారించే ఇన్‌స్పెక్షన్ ప్యానెల్‌ను ఆ బ్యాంకు పెట్టుకున్నది అదే ఏడాది.

అనేక బ్యాంకులు కలిసి అప్పిస్తే భద్రత ఎక్కువనుకునేవాళ్లు బంగ్లాదేశ్‌లోని పద్మ వంతెన చూడాలి. అవినీతి ఆరోపణలతో ప్రపంచ బ్యాంకు 2012 జూన్‌లో 120 కోట్ల డాలర్ల రుణం రద్దు చేసింది. తర్వాత షరతులతో మళ్లీ మాటలు నడిచినా 2013 ఆరంభంలో బంగ్లాదేశ్ తన అభ్యర్థన వెనక్కి తీసుకుంది. ఏడీబీ, జైకా (జపాన్ ప్రభుత్వ సహాయ సంస్థ) రుణాలూ దానితోనే పోయాయి, ఎందుకంటే ముందున్న బ్యాంకు కదిలితే వెనకున్నవి నిలబడవు. 6.15 కిలోమీటర్ల వంతెనను ఆ దేశం సొంత డబ్బుతో కట్టి 2022 జూన్‌లో తెరిచింది. ఆరోపణల మీద కెనడాలో నడిచిన కేసు 2017లో నిర్దోషులని తేలి ముగిసింది.

‘తక్కువ వడ్డీ’ మాట కూడా సగమే. ఈ రుణాలు ఎక్కువగా డాలర్లలో, సోఫర్ అనే మారే రేటు మీద కొంత మార్జిన్ కలిపి ఇస్తారు. నీటి చార్జీలు, టోలు మాత్రం స్థానిక కరెన్సీలో వస్తాయి. డాలర్ ఏటా సగటున 3 శాతం పెరుగుతూ పోతే, ఇరవయ్యో ఏట కట్టే డాలరు ఇవాళ్టికంటే 80 శాతం ఎక్కువ పడుతుంది. వడ్డీ తక్కువని సంబరపడే పోస్టుల్లో ఈ వరుస ఎప్పుడూ కనిపించదు.

కాబట్టి వార్త చూసి ఊగిపోయే ముందు బ్యాంకు వెబ్‌సైట్‌లో ఆ ప్రాజెక్టు పేజీ తెరవండి. ఒప్పందం అమల్లోకి వచ్చిన తేదీ, ముగింపు తేదీ, ఇప్పటిదాకా విడుదలైన మొత్తం, ఈ మూడూ అక్కడే ఉంటాయి. గడువులో 60 శాతం గడిచి విడుదల 20 శాతం దగ్గరే ఉంటే గడువు పొడిగింపో, పనుల కోతో రాబోతున్నట్టే. ప్రపంచ బ్యాంకు ముగింపు తేదీ తర్వాత పాత ఖర్చుల బిల్లులకు మామూలుగా నాలుగు నెలలు ఇస్తుంది. అప్పటికీ తీసుకోకుండా మిగిలింది రద్దవుతుంది. ఆ రద్దు మీద ప్రెస్‌మీట్ పెట్టిన మంత్రి ఏ దేశంలోనైనా ఉంటే కామెంట్‌లో చెప్పండి.